వాట్సాప్ కమ్యూనిటీ: మూగబోయిన గ్రూపుల్ని మూసేటప్పుడు తెలిసే సంగతులు

అపార్ట్‌మెంట్ సంఘాలకు వాట్సాప్ కమ్యూనిటీ, అంటే పలు గ్రూపుల్ని ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు, నిజంగా పనికొచ్చే సదుపాయం. 2022 నవంబరులో ఇది వచ్చాక ప్రకటనలు ఒకచోట, లిఫ్టు, నీళ్ల ట్యాంకరు, పార్కింగు గొడవలు వేరేచోట సర్దుకున్నాయి. మూసే పనికొచ్చేసరికే చిక్కంతా. "చవితి 2023", "చవితి 2024" అంటూ ఏటా ఒక గ్రూపు పుడుతుంది. నిమజ్జనం అయ్యాక అందులో మిగిలేవి గుడ్ మార్నింగ్ బొమ్మలే. ఏ గ్రూపులో ఎన్నాళ్లుగా అలికిడి లేదో చూపే పట్టిక యాప్‌లో లేదు. చాట్ల జాబితా అడుగుదాకా వెళ్లి చివరి మెసేజ్ తేదీలు చూసుకోవాల్సిందే.

"డీయాక్టివేట్ కమ్యూనిటీ" నొక్కితే అన్నీ పోతాయనుకోకండి. మూతపడేది కమ్యూనిటీ, దాని ప్రకటనల గ్రూపు మాత్రమే. మిగతా గ్రూపులు విడిపోయి అలాగే ఉంటాయి. పైగా ఒకసారి నొక్కాక వెనక్కి రాదు. కాబట్టి ముందు గ్రూపుల పని ముగించాలి.

మొదట గ్రూపు పర్మిషన్లలో మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చి, ఫలానా తేదీన మూస్తున్నామని రాసి పెట్టండి. చెప్పకుండా తీసేస్తే "నన్నెందుకు తీసేశారు?" అని ఫోన్లు మొదలవుతాయి. తర్వాత ఎక్స్‌పోర్ట్ చాట్, అంటే చాట్‌ను ఫైలుగా బయటికి తీసి దాచుకోవడం. చందా లెక్కలు, రసీదులు ఉన్న గ్రూపుకి ఇది తప్పనిసరి. మీడియాతో కలిపి 10,000, మీడియా లేకుండా 40,000 మెసేజ్‌ల వరకే వస్తాయి. మొదటినుంచీ ఉన్నవాళ్ల ఫోన్‌లోంచే తీయించండి, ఎందుకంటే మధ్యలో చేరినవాళ్ల దగ్గర పాత లెక్కలు సాధారణంగా ఉండవు. చాట్ బయటికి పోకుండా అడ్డుకునే అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ సెట్టింగు ఆన్‌లో ఉంటే ఎక్స్‌పోర్ట్ కాదు, ముందు దాన్ని ఆపాలి.

సభ్యుల్ని తీసేటప్పుడు ఆ గ్రూపు జాబితాలోంచే తీయాలి. కమ్యూనిటీ జాబితాలోంచి తీస్తే మనిషి అన్ని గ్రూపుల్లోంచీ పోతాడు, రేపు నీళ్ల కబురు కూడా అందదు. పాత లింకుతో మళ్లీ ఎవరూ చేరకుండా ఇన్వైట్ లింకు రీసెట్ చేయండి. అందర్నీ తీశాకే అడ్మిన్ బయటికి రావాలి. ఉన్న ఒక్క అడ్మిన్ ముందే వెళ్లిపోతే వాట్సాపే ఇంకొకరిని అడ్మిన్ చేస్తుంది, మూయాల్సిన గ్రూపు వాళ్ల నెత్తిన పడుతుంది.

గ్రూపు మూసినా ఎవరి ఫోన్‌లోని ఫొటోలు వాళ్ల ఫోన్‌లోనే ఉంటాయి. జాగా కావాలంటే ఎవరికి వారు స్టోరేజ్ అండ్ డేటాలోని మేనేజ్ స్టోరేజ్‌కి వెళ్లి, 5 ఎంబీ దాటిన వీడియోలతో మొదలుపెట్టాలి.