రామప్ప కట్టా? లక్నవరం వంతెనా?

రెండూ ములుగు జిల్లాలోని కాకతీయుల నాటి చెరువులే. వరంగల్ నుంచి ఒక్క పూటలో చుట్టి రావాలంటే ఎటు వెళ్లాలి?

ఖర్చు: లక్నవరంలో వేలాడే వంతెనకు, పడవకు టికెట్లు తప్పవు. రామప్ప కట్ట మీద నడకకు పైసా అక్కర్లేదు.

ప్రయాణం: లక్నవరానికి చల్వాయిలో, రామప్పకు జంగాలపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కాలి.

నడక: లక్నవరంలో గుట్టలు, నీళ్లు, దీవులు, ఆదివారం జనసందోహం, సెల్ఫీల బెడద. రామప్పలో 1213 నాటి గుడి, ఎర్ర ఇసుకరాతి కట్టడం, దాని చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నిలువెత్తు భంగిమల్లోని స్త్రీ శిల్పాలు. ఒక మదనిక కాలికి ముల్లు తీయించుకునే తీరు చూస్తూ నిలబడితే నడక సంగతే మరిచిపోతాం! గుడి చూశాక చెరువు కట్టెక్కి, గుడి ఉన్న పాలంపేట ఊరి మీదుగా తిరిగి రావచ్చు.

జాగ్రత్త: వానాకాలంలో రెండుచోట్లా కట్టల మీద కాలు జారుతుంది. చెరువు చుట్టూ తిరగాలని అడవిలోకి చొరబడవద్దు.

పిల్లలుంటే లక్నవరం. పెద్దవాళ్లతో, తీరిగ్గా అయితే రామప్పే. నా ఓటూ దానికే.