లాన్ అడిగితే పొగడ మొక్కలు పెట్టారు

విజయనగరంలో మాది ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 2001లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ పెట్టిన ఐజీబీసీ ఉంది కదా, పర్యావరణానికి మేలుగా కట్టే భవనాలకి రేటింగ్ ఇచ్చే సంస్థ, వాళ్ల గ్రీన్ హోమ్స్ రేటింగ్ కోసం మా బిల్డర్ తోట పనిని ఒక ల్యాండ్‌స్కేప్ డిజైనర్‌కి అప్పగించాడు. ఏడాదిగా ఆ తోట బాగోగులు చూసే సెక్రటరీని నేనే. ఆ డిజైనర్ పనికి ఐదుకి మూడున్నర ఇస్తాను.

మా అందరికీ లాన్ మీద మోజు. ప్లాన్‌లో చూస్తే చాప పరిచినంతే గడ్డి! "లాన్ తగ్గితేనే పాయింట్లండి, తక్కువ నీళ్లతో బతికే మన చెట్లు వేద్దాం" అన్నాడు డిజైనర్. పొగడ, కానుగ, రేల, నందివర్ధనం కడియం నర్సరీల నుంచి లారీలో దిగాయి. చాలామంది మొహాలు మాడ్చుకున్నారు. రోహిణి కార్తెలో పక్కవాళ్లు లాన్ కోసం ట్యాంకర్ తెప్పించుకుంటుంటే మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నాకు బాగా నచ్చింది మట్టి పని. మామూలుగా సిమెంటు పెళ్లలూ ఇటుక ముక్కలూ పూడ్చేసి, పైన రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి పోసి తోట అంటారు. ఈయన పునాది తవ్వకముందే పైమట్టి తీయించి కుప్ప పోయించాడు, తర్వాత అదే పరిపించాడు. ఒక్క మొక్కే చచ్చిపోయింది. పాత చింతచెట్టునీ కొట్టనివ్వలేదు, దానికి రెండు కార్ల చోటు పోయింది. మా ఊరి పైడితల్లి జాతరలో ఊరేగే సిరిమాను చింతమానే కదా, మా అత్తగారైతే ఆయన్ని మెచ్చుకున్నారు. సాయంత్రం కుర్చీలన్నీ ఇప్పుడు దాని కిందే.

పార్కింగ్‌లో వేసిన కన్నాల పలకలతో మాత్రం తలనొప్పి. వాన నీరు చక్కగా ఇంకుతుంది, నిజమే. కానీ మూడో అంతస్తు మామ్మగారి చేతికర్ర ఆ కన్నాల్లో దిగబడుతోంది. నడవడానికి మూడడుగుల నాపరాళ్ల బాట వదిలితే ఏం పోయేది?

ఇక డ్రిప్. పైపుల్ని ఉడతలు కొరికేశాయి. ఏ వాల్వ్ ఏ వరసకో మాలికి ఎవరూ చెప్పలేదు, అతను మళ్లీ రబ్బరు గొట్టమే పట్టాడు. డిజైనర్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "మీ ఫైల్ క్లోజ్ అయిపోయిందండి" అన్నారు. సర్టిఫికెట్ ఫ్రేము లిఫ్టు పక్కన మెరుస్తోంది, వాల్వ్‌ల బొమ్మ గీసి పంపమని అడిగి నాలుగు నెలలైంది. మీరు పని ఇస్తే ఏడాది మెయింటెనెన్స్ కాగితం మీద రాయించుకోండి, ఆఖరి వాయిదా చేతిలోనే ఉంచుకోండి.

ప్రస్తుతానికి మా మాలి పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి పైపులు నడిపిస్తున్నాడు.