మూడేళ్లుగా మా హాల్లో ఉన్న ఉగ్ర నరసింహుడి బొమ్మ

మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర. ఈ బొమ్మ కొని మూడేళ్లు దాటింది, 8,500 అయింది. అడుగున్నర ఎత్తు. లోపల ఇనుప తీగ, పైన కాగితం గుజ్జు, అంతా చేతిపనే, అచ్చు పోసింది కాదు. నరసింహుడు గడప మీద కూర్చుని హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని పొట్ట చీలుస్తున్నాడు, పేగులు మెడలో దండలా వేసుకున్నాడు. తెచ్చిన రోజే అమ్మ "ఇంట్లో ఉగ్రరూపం వద్దప్పా, లక్ష్మీ నరసింహుడి పటం పెట్టుకో" అంది. పూజకు కాదమ్మా, చూసుకోవడానికే అని ఒప్పించేసరికి వారం పట్టింది.

చిన్నప్పటి నుంచి మేము అహోబిలం పోతాం. ఎగువ అహోబిలం నుంచి కొండెక్కి జ్వాలా నరసింహుణ్ణి, స్వామి నెత్తుటి చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండాన్ని చూసి వస్తే రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ఆ భయం క్యాలెండర్ బొమ్మల్లో ఎప్పుడూ కనపడలేదు, ఇందులో ఉంది.

ఏ ఆయుధంతోనూ చావు లేని వరం కదా, అందుకే చేసినాయన గోళ్ల మీద ప్రాణం పెట్టాడు. గేదె కొమ్మును సన్నగా చెక్కి ఒక్కొక్కటీ అతికించాడు. పేగులు మెలితిప్పిన నూలుగుడ్డే, దగ్గరగా చూస్తే నేత తెలుస్తుంది, అయినా కడుపులో తిప్పుతుంది. కింద పీట ఏదో పాత ఇంటి గడప ముక్క, పసుపు మరక ఇంకా పోలేదు.

ప్రహ్లాదుడు లేడు. అది లోపమే అనుకున్నాను. ఏడాది తర్వాత ఒకరోజు నేల మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ తలెత్తితే, వెనక్కి వేలాడుతున్న హిరణ్యకశిపుడి కళ్లు సూటిగా నన్నే చూస్తున్నాయి. ఆ చూపు స్వామి మీద లేదు, చిన్న పిల్లాడు నిలబడితే ఎంత ఎత్తు ఉంటాడో అక్కడ ఉంది. నోరు సగం తెరిచి, కొడుకును ఏదో అడగబోయి ఆగినట్టు. వెంటనే బొమ్మ చేసినాయనకు ఫోన్ చేసి చెప్తే "చూసినారా" అన్నాడు, అంతే.

ఇబ్బందులూ ఉన్నాయి. మా ఎండలకు గుజ్జు బిగుసుకుని రెండో వేసవిలో పైచేయి ఒకటి మణికట్టు దగ్గర విరిగింది, ఆయన గుజ్జు, రంగు పంపితే నేనే అతికించుకున్నాను, అతుకు తెలుస్తూనే ఉంది. జూలుకు వాడింది గొర్రె ఉన్ని, పురుగు పట్టింది, కలరా ఉండలు పెట్టాక తగ్గింది. పడమటి కిటికీ ఎండకు ఎరుపు వెలిసి ఇటుక రంగుకొచ్చింది, నాకైతే అదే బాగుంది, ఆరిన నెత్తురులా. పసిపిల్లలున్న ఇంట్లో మాత్రం పెట్టొద్దు, మా అక్క కూతురు కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోన్ లైటులో చూసి జ్వరం తెచ్చుకుంది.

అమ్మ ఇప్పటికీ సందెదీపం పెట్టే ముందు దాని మీద పాత చీర ముక్క కప్పుతుంది. పగలూ కాని రాత్రీ కాని ఆ వేళకే కదా స్వామి వాణ్ణి చీల్చింది. నేనూ తీయను, దీపం కొండెక్కాకే తీస్తాను.