యాక్టివ్ డైరెక్టరీలో ఇన్హెరిటెన్స్, ఆడిట్ ఫ్లాగులు: ఏళ్ల తరబడి వాడాక

విశాఖలో గాజువాక, మధురవాడ, ద్వారకానగర్ శాఖలకు తలో ఓయూ (ఆర్గనైజేషనల్ యూనిట్, యూజర్లనూ కంప్యూటర్లనూ విడివిడిగా ఉంచే అర) పెట్టి, ఒకే డొమైన్‌లో నడిపే ఆఫీసు అనుభవంతో రాస్తున్న సమీక్ష ఇది. యూజర్లు, కంప్యూటర్లు, వాళ్ల హక్కులు ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ వ్యవస్థే యాక్టివ్ డైరెక్టరీ. దాని అనుమతుల అమరిక చాలా గట్టిది. చిక్కంతా ఎవరికి ఏ హక్కు అన్నదాంట్లో కాదు, అది ఎక్కడిదాకా దిగుతుందన్నదాంట్లోనే (ఇన్హెరిటెన్స్, అంటే పై హక్కు కిందివాటికి వారసత్వంగా రావడం) వస్తుంది.

గాజువాక హెల్ప్‌డెస్క్‌కు పాస్‌వర్డ్ రీసెట్ హక్కు ఇవ్వాలనుకోండి. యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ టూల్‌లోని వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేస్తే సెక్యూరిటీ ట్యాబ్ కనిపిస్తుంది. అందులో 'అప్లైస్ టు' దగ్గర 'డిసెండెంట్ యూజర్ ఆబ్జెక్ట్స్' (కింద ఉన్న యూజర్లు) ఎంచుకోవాలి. అప్పుడు రెండు ఫ్లాగులు పడతాయి: కంటైనర్ ఇన్హెరిట్ హక్కును కిందికి దించుతుంది, ఇన్హెరిట్ ఓన్లీ దాన్ని ఓయూకే వర్తించకుండా ఆపుతుంది. అడుగున ఉన్న 'ఓన్లీ అప్లై' టిక్ మాత్రం ముట్టుకోవద్దు. అది నో ప్రోపగేట్, ఒక్క మెట్టు దిగి ఆగిపోతుంది. ఓయూలో ఇంకో ఓయూ ఉంటే పైవాళ్లకు రీసెట్ అవుతుంది, లోపలివాళ్లకు 'యాక్సెస్ డినైడ్' వస్తుంది.

పై ఓయూలో డినై (నిషేధం) పెట్టి నిశ్చింతగా ఉండటం కూడా ప్రమాదమే. యూజర్ మీద నేరుగా ఇచ్చిన అలౌ (అనుమతి), పైనుంచి వారసత్వంగా వచ్చిన డినైని దాటేస్తుంది.

బాగా విసిగించేది అడ్మిన్‌ఎస్‌డీహోల్డర్, అంటే అడ్మిన్ అకౌంట్ల అనుమతులకు నమూనాగా ఉండే ఆబ్జెక్ట్. డొమైన్ అడ్మిన్స్ లాంటి గ్రూపులో చేరినవాళ్ల అకౌంట్‌కు, పీడీసీ ఎమ్యులేటర్ (ప్రత్యేక బాధ్యత ఉన్న డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్‌ను నడిపే సర్వర్) మీద గంటకోసారి నడిచే ప్రక్రియ ఇన్హెరిటెన్స్ తెంపేస్తుంది. గ్రూపు నుంచి తీసేసినా అకౌంట్ మీది అడ్మిన్‌కౌంట్ గుర్తు 1గానే మిగులుతుంది. దాన్ని చెరిపి, ఇన్హెరిటెన్స్ చేత్తో ఆన్ చేయాల్సిందే.

ఆడిటింగ్‌కు (ఎవరు ఏం చేశారో లాగ్‌లో రాసిపెట్టడం) నా మార్కులు ఎక్కువే, కానీ ఊరికే రాదు. ఆడిటింగ్ ట్యాబ్‌లో సక్సెస్ టిక్ పెట్టినంత మాత్రాన లాగ్‌లో మార్పుల వివరాలు పడవు. డొమైన్ కంట్రోలర్ల ఆడిట్ పాలసీలో 'డైరెక్టరీ సర్వీస్ ఛేంజెస్' కూడా ఆన్ కావాలి. అప్పుడు 5136 నంబరు ఈవెంట్ (మార్పు నమోదు) వస్తుంది: పాత విలువకు ఒకటి, కొత్త విలువకు ఒకటి. అనుమతులే మారితే ఎస్‌డీడీఎల్ (అనుమతులను అక్షరాల్లో రాసే పద్ధతి) వరుస కనిపిస్తుంది. అందులో సీఐ, ఐఓ, ఎన్‌పీ వరుసగా పైన చెప్పిన కంటైనర్ ఇన్హెరిట్, ఇన్హెరిట్ ఓన్లీ, నో ప్రోపగేట్ ఫ్లాగులే. ఐడీ ఉంటే వారసత్వంగా వచ్చింది, లేకపోతే అక్కడే ఎవరో పెట్టింది. దొంగ ఎంట్రీ పట్టడానికి ముందు చూడాల్సింది ఇదే. విఫలమైన ప్రయత్నాలు 5136లో పడవు. వాటికి ఫెయిల్యూర్ టిక్‌తో పాటు 'డైరెక్టరీ సర్వీస్ యాక్సెస్' ఫెయిల్యూర్ కూడా ఆన్ చేసి 4662 నంబరు ఈవెంట్ (ఆబ్జెక్ట్‌ను తాకిన నమోదు) చూడాలి.

ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ మీద ఆడిట్ పెడితే చదవడాలన్నీ 4662గా నమోదై లాగ్ నిండిపోతుంది. రైట్ ఆల్ ప్రాపర్టీస్, మోడిఫై పర్మిషన్స్, క్రియేట్, డిలీట్ చాలు. ఆడిట్ ఇన్హెరిటెన్స్‌కు డిసేబుల్ బటన్ విడిగా ఉంది. ఏ ఓయూలోనైనా అది నొక్కి ఉంటే పైనుంచి పెట్టిన ఆడిట్ అక్కడికి చేరదు. పవర్‌షెల్‌లో గెట్-ఏసీఎల్ కమాండ్‌కు ఆడిట్ స్విచ్ ఇచ్చి ప్రతి ఓయూనూ చూడండి. మార్పు ఏ కంట్రోలర్ మీద జరిగితే ఈవెంట్ దానిలోనే పడుతుంది కాబట్టి లాగులు అన్నిటినుంచీ ఒకచోటికి తెప్పించాలి.