ఫంక్షన్ పేరు తప్పు కొడితే ఆగిపోవాలా, అడగాలా, తనే దిద్దుకోవాలా: ఏది మేలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల కోసం ఇద్దరు కలిసి ఒక ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఒకరు ధర చెప్పే ఫంక్షన్‌కు (అంటే ఒక పని చేసే కోడ్ ముక్కకు) చపాటా_ధర అని పేరు పెట్టారు, ఇంకొకరు దాన్ని చపాట_ధర అని పిలిచారు. చపాటా అనే మిర్చి రకాన్ని మన దగ్గర రెండు తీర్లా రాస్తారు కాబట్టి ఇది ఎవరికైనా జరిగేదే (పైథాన్ 3లో తెలుగు లిపిలోనే పేర్లు పెట్టుకోవచ్చు, నమ్మకపోతే కొట్టి చూడండి). ఇప్పుడు ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఏం చేయాలి?

పాత పద్ధతిలో అయితే ఆ పేరు లేదని చెప్పి ఆగిపోతుంది. డేటా చెడిపోదు, అదొక్కటే దాని మేలు. కానీ నయీంనగర్ హాస్టల్లో రాత్రిపూట ల్యాబ్ రికార్డు ముందేసుకున్న ఫస్టియర్ అమ్మాయికి స్క్రీన్ మీద 'నాట్ డిఫైన్డ్' తప్ప ఇంకేమీ కనబడకపోతే, ఆమె ఒక దీర్ఘం దగ్గర వెతకదు, ఇంపోర్ట్ పోయిందేమో, ఇన్‌స్టాలేషన్ చెడిపోయిందేమో అని టెన్షన్ పడుతుంది.

ఇంతకంటే ఘోరం ఏమీ అనకుండా ఊరుకోవడం. జావాస్క్రిప్ట్‌లో లిస్ట్ పొడవు చెప్పే లెంగ్త్ స్పెల్లింగ్‌లో చివరి టీ, హెచ్ తారుమారు చేసి ఫర్ లూప్ రాయండి. లేని ప్రాపర్టీ కాబట్టి అన్‌డిఫైన్డ్ వస్తుంది, దానితో పోల్చితే కండిషన్ నిజం కాదు, లూప్ ఒక్కసారి కూడా తిరగదు. ఎర్రర్ మాత్రం రాదు! ఫంక్షన్‌గా పిలిస్తేనే ఎర్రర్ ఇస్తుంది.

మూడోది, తనే దిద్దుకుని నడిపించేయడం. వినడానికి బాగుంటుంది, 1960ల చివర్లోనే వారెన్ టైటెల్‌మన్ లిస్ప్ అనే లాంగ్వేజ్‌లో 'డూ వాట్ ఐ మీన్' పేరుతో చేసి చూపించాడు కూడా. నాకైతే ఇది భయం. మన ప్రోగ్రామ్‌లోనే అడ్తిదారు లెక్కలకు పద్దు_తెరువు, పద్దు_చెరుపు అని రెండు ఫంక్షన్లున్నాయనుకోండి, ఎవరో తొందరలో పద్దు_తెరుపు అని కొట్టారు. ఆ తప్పు పేరు రెండింటికీ సరిగ్గా ఒక్క అక్షరం దూరంలోనే ఉంది. తెరవాలా, చెరపాలా? మిషన్ దేన్నో ఒకదాన్ని ఊహించుకుంటే రైతు పద్దు గాల్లో కలిసినట్టే. ఇది ఊహ మాత్రమే కాదు. బ్యాకప్ ఫైళ్ళు తీసేయమని ఇచ్చిన కమాండ్‌కు సరిపోయే ఫైళ్ళేవీ దొరకక, అన్నీ తీసేయమన్నావేమో అనుకుని డూ వాట్ ఐ మీన్ చెరపడం మొదలుపెట్టిందని, ఐదారు ఫైళ్ళు పోయాకగానీ ఆపలేకపోయారని హ్యాకర్ల పదకోశం 'జార్గన్ ఫైల్'లో రాసి ఉంది.

అందుకే నా ఓటు నాలుగోదానికి: ఆగాలి, కానీ 'నువ్వు చెప్పింది ఇదేనా?' అని అడిగి ఆగాలి. క్లాంగ్, రస్ట్ కంపైలర్లు (కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చేవి) ఇదే చేస్తాయి, రూబీ 2015లో వచ్చిన 2.3 వెర్షన్‌తో, పైథాన్ 2021లో వచ్చిన 3.10తో ఈ దారిలోకి వచ్చాయి. పైథాన్‌లో చపాట_ధర అని పిలిస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది, పక్కనే 'డిడ్ యూ మీన్: చపాటా_ధర?' అని ఉంటుంది. ఈ ఊహ ఇంత బాగా తగలడానికి కారణం ఉంది. స్పెల్లింగ్ తప్పుల్లో 80 శాతానికి పైగా ఒక అక్షరం మారడమో, ఎక్కువవడమో, తగ్గడమో, పక్కపక్కవి తారుమారవడమో అని డామెరో అనే పరిశోధకుడు 1964లోనే చూపించాడు. అక్షరాల దూరం కొలిస్తే చాలు, దగ్గరి పేరు దొరుకుతుంది. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ టూల్ కూడా మామూలుగా సూచన ఇచ్చి ఆగుతుంది, ఆటోకరెక్ట్ సెట్టింగ్‌లో 50 పెడితే మాత్రం ఐదు సెకన్లు చూసి తనే నడిపేస్తుంది. సరదాగా కూడా అలా పెట్టుకోవద్దు.

ఇందులోనూ ఒక లోటుంది. పైథాన్ ఆ లైన్ దాకా వెళ్తేనే అడుగుతుంది. చపాటా లాట్ వచ్చినప్పుడే నడిచే లైన్లో తప్పుంటే, తేజ, వండర్‌హాట్ రకాలు వచ్చిన రోజులన్నీ సాఫీగా గడిచి, మార్కెట్ రద్దీగా ఉన్న పూట బయటపడుతుంది. కాబట్టి ఎడిటర్లో పైరైట్ లాంటి చెకర్ పెట్టుకోండి, జావాస్క్రిప్ట్ వాళ్ళు టైప్‌స్క్రిప్ట్‌కు మారండి, రెండూ రన్ చేయకముందే తప్పు పేరును పట్టిస్తాయి, టైప్‌స్క్రిప్ట్ అయితే దగ్గరి పేరు కూడా చూపిస్తుంది. పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళు మాత్రం ల్యాబ్‌లో పైథాన్ 3.10 కంటే పాతది ఉంటే ముందు దాన్ని మార్పించండి.