జాగ్రత్త: పోస్టర్ మీద రాక్ బ్యాండ్ పేరు చూసి మ్యూజికల్ టికెట్ కొనేస్తున్నారా?

లండన్ వెస్ట్ ఎండ్‌లోనో న్యూయార్క్ బ్రాడ్‌వేలోనో రాక్ పాటల మ్యూజికల్‌కి, అంటే పాటలతో నడిచే నాటకానికి, టికెట్ కొనేవాళ్లు మూడు చోట్ల పదే పదే దెబ్బ తింటున్నారు. బ్యాండ్ పేరు చూసి వెళ్తే లోపల ఇంకేదో షో. టికెట్ అసలు ధర ఒకటి, కార్డులోంచి పోయింది ఇంకోటి. సీటు మంచిదే అనుకుంటే కళ్లెదుట స్తంభం. మూడింట్లో దేనికైనా సరే, షో అయిపోయాక డబ్బు వెనక్కి రాబట్టడం దాదాపు అసాధ్యం. చూసుకోవాల్సిందంతా డబ్బు కట్టకముందే చూసుకోవాలి.

ముందు ఆ షో ఏ రకమో తేల్చుకోండి. పాత పాటలు తీసుకుని వాటి చుట్టూ అల్లిన నాటకాన్ని జూక్‌బాక్స్ మ్యూజికల్ అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు: పాటలు ఒక కళాకారుడివైనంత మాత్రాన కథ ఆయనది కాదు. క్వీన్ బ్యాండ్ పాటలతో 2002 మేలో లండన్ డొమినియన్ థియేటర్‌లో మొదలై 2014 మే దాకా ఆడిన 'వి విల్ రాక్ యూ'లో ఆ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పాత్రే లేదు. అది రాక్ సంగీతాన్ని నిషేధించిన భవిష్యత్తులో జరిగే కథ. ఫ్రెడ్డీ జీవితం చూద్దామని వెళ్లినవాళ్లు ఇంటర్వెల్ దాకా "ఇంకా రాడేంటి" అనుకుంటూ కూర్చోవాల్సిందే. 2018లో లండన్ ఆల్డ్‌విచ్ థియేటర్‌లో మొదలైన టీనా టర్నర్ షో అలా కాదు, అది అచ్చంగా ఆమె జీవిత కథే.

బిల్లీ జోయెల్ పాటలతో 2002లో బ్రాడ్‌వేకి వచ్చిన 'మూవిన్ ఔట్' పూర్తిగా వేరే దారి. కథ నడిపేవాళ్లు డాన్స్ చేస్తారే గానీ నోరు విప్పరు. పాటలన్నీ పైన ప్లాట్‌ఫారం మీద పియానో ముందు కూర్చున్న గాయకుడే పాడతాడు. బాబ్ డిలన్ పాటలతో 2017లో లండన్ ఓల్డ్ విక్‌లో వేసిన 'గర్ల్ ఫ్రమ్ ద నార్త్ కంట్రీ' అయితే 1934లో, మిన్నెసోటా రాష్ట్రం డులూత్‌లో ఒక బోర్డింగ్ హౌస్‌లో జరుగుతుంది. పాటల్ని ఆ కాలపు వాయిద్యాలకు తగ్గట్టు మళ్లీ కట్టారు. షో అద్భుతం, కానీ ఎలక్ట్రిక్ గిటార్ హోరు కోసం వెళ్లినవాళ్లకి నిరాశే. 2005లో బ్రాడ్‌వేలో 49 ప్రదర్శనలకే ఆగిపోయిన 'లెనన్'లో బీటిల్స్ బ్యాండ్ గాయకుడు జాన్ లెనన్ ఒక్కణ్నే తొమ్మిదిమంది నటులు వంతులవారీగా పోషించారు. పాటలు కూడా ఎక్కువగా ఆయన బీటిల్స్ నుంచి బయటికొచ్చాక చేసినవే. బీటిల్స్ పాటలు వినడానికి టికెట్ కొన్నవాళ్ల సంగతి మీరే ఊహించుకోండి.

అందుకని టికెట్ పేజీలో ఫొటోలూ స్టార్ రేటింగులూ వదిలేసి రెండు చూడండి: కథ సారాంశం, పాటల జాబితా. సారాంశంలో కళాకారుడి పేరు పాత్రగా కనిపించకపోతే అది వేరే కథ. పాటల జాబితా చాలా షోలకి అధికారిక వెబ్‌సైట్‌లో గానీ, విడుదలైన క్యాస్ట్ రికార్డింగ్‌లో (షో నటులు పాడిన ఆల్బంలో) గానీ దొరుకుతుంది. మీకు ప్రాణమైన పాట అందులో లేకపోతే స్టేజి మీదా ఉండదనుకోవడమే మేలు.

ఇప్పుడు అసలు చిక్కు. 'ద మ్యూజిక్ ఆఫ్', 'ఎ సెలబ్రేషన్ ఆఫ్', 'ట్రిబ్యూట్ టు' లాంటి మాటలు కనిపిస్తే అది చాలావరకు మ్యూజికల్ కాదు, ఆ బ్యాండ్ పాటల్ని వేరేవాళ్లు పాడే ట్రిబ్యూట్ కచేరీ. తేడా పాటల హక్కుల్లో ఉంది. వరసగా నిలబడి పాటలు పాడే కచేరీకి హాలు తరఫున హక్కుల సంస్థకి కట్టే మామూలు లైసెన్సు సరిపోతుంది. అదే పాటని ఒక పాత్ర నోట్లో పెట్టి, సంభాషణల మధ్య కథ నడపడానికి వాడితే దాన్ని గ్రాండ్ రైట్స్ అంటారు. దానికి పాటల హక్కుదారులతో విడిగా ఒప్పందం కుదుర్చుకోవాలి, ఖర్చెక్కువ. ఆ ఒప్పందం లేనివాళ్లు సెట్టు, కథ, పాత్రలు లేకుండా విగ్గులూ లైట్లూ పెట్టి కచేరీ నడుపుతారు. అందులో తప్పేం లేదు, కొన్ని ట్రిబ్యూట్ బ్యాండ్లు నిజంగానే బాగా వాయిస్తాయి. కానీ దాన్ని వెస్ట్ ఎండ్ మ్యూజికల్ అనుకుని ఆ ధర పెట్టడమే మోసపోవడం. అనుమానమొస్తే రచయిత, దర్శకుడు, కొరియోగ్రాఫర్ పేర్లు వెతకండి. మ్యూజికల్ అయితే సాధారణంగా 'బుక్ బై' అని కథ రాసినవాళ్ల పేరు ఉంటుంది. ఈ పేర్లేవీ లేవంటే చాలావరకు కథ లేదనే అర్థం.

ఇక టికెట్ సైట్లు. షో పేరు టైపు చేసి సెర్చ్ చేయగానే అన్నిటికన్నా పైన వచ్చేవి చాలావరకు ప్రకటనలు, పక్కన 'స్పాన్సర్డ్' అని సన్నగా రాసి ఉంటుంది. క్లిక్ చేస్తే తెరుచుకునే పేజీ థియేటర్ సొంత సైటులాగే ఉంటుంది. అదే ముఖద్వారం ఫొటో, అడ్రసులో థియేటర్ పేరు, దాని వెనకాల 'టికెట్స్' అన్న మాట. పేజీ అడుగుకి జారితే బూడిద రంగు చిన్న అక్షరాల్లో అసలు విషయం: మాకూ థియేటర్‌కీ సంబంధం లేదు, ధరలు అసలు ధర కన్నా ఎక్కువ ఉండొచ్చు. తెర మీద గడియారం పది నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది. "ఈ పేజీని 43 మంది చూస్తున్నారు" అని పక్కన ఎర్రగా. తొందరపెట్టడానికే అదంతా. నిజమైన సీటు పట్టి ఉంచితే వరస, నంబరు కనిపిస్తాయి. వీళ్లు 'బాల్కనీ, జోన్ సి' అని మాత్రమే చూపిస్తారు. అలాంటి చోట చాలాసార్లు అమ్మేవాడి చేతిలో టికెట్టే ఉండదు. మీ డబ్బు అందాక కొని ఇద్దామని చూస్తాడు, దొరక్కపోతే షో ముందురోజు 'క్షమించండి' అని మెయిల్ వస్తుంది. అప్పటికి మీ విమానం టికెట్, హోటలు అన్నీ కొనేసి ఉంటారు.

ఈ విషయంలో బ్రిటన్‌లో చట్టం మీ పక్షానే ఉంది. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 90వ సెక్షన్ ప్రకారం మళ్లీ అమ్మేవాళ్లు సీటు వరస, నంబరు, టికెట్ అసలు ధర, దాని మీదున్న ఆంక్షలు కొనేముందే చెప్పాలి. అవి చూపించని పేజీని అక్కడే మూసేయండి. ఫీజుల్ని చివరి పేజీ దాకా దాచడం బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ 6 నుంచి, అమెరికాలో లైవ్ షో టికెట్లకి 2025 మే 12 నుంచి నిషిద్ధం. కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఉదాహరణకి 60 పౌండ్ల సీటుని అన్నీ కలిపి 140 అని మొదటే చూపిస్తే ఫీజుల నిబంధన పాటించినట్టే. అసలు ధర 60 అని తెలిస్తేనే కదా 80 పోయిందని అర్థమయ్యేది. కాబట్టి ఎక్కడ కొన్నా ముందు థియేటర్ సొంత సైటు మరో ట్యాబ్‌లో తెరిచి, అదే తేదీ, అదే సెక్షన్ ధర చూడండి. బ్రిటన్‌లో ఏజెంటు దగ్గర కొంటుంటే 'స్టార్' అనే టికెట్ ఏజెంట్ల సంఘంలో సభ్యత్వం ఉందో లేదో ఆ సంఘం జాబితాలోనే చూసుకోండి. లోగోని ఎవరైనా అంటించుకోగలరు. తగ్గింపు ధర కావాలంటే లండన్ లీస్టర్ స్క్వేర్‌లోనూ న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోనూ టీకేటీఎస్ కౌంటర్లు ఉన్నాయి.

ఇంకో మాట, తేదీ ఖరారైన షో టికెట్లకి బ్రిటన్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకుండే 14 రోజుల రద్దు హక్కు వర్తించదు. ఒకసారి నొక్కారంటే అంతే.

సీటు గురించి రాక్ షోలకి ప్రత్యేకంగా చెప్పాల్సిందొకటి ఉంది. ఈ షోలలో బ్యాండ్‌ని చాలాసార్లు స్టేజి ముందుండే గుంతలో (పిట్‌లో) కాకుండా స్టేజి మీదే, పై అంతస్తు ప్లాట్‌ఫారం మీద నిలబెడతారు. లండన్ పాత థియేటర్లలో స్టాల్స్, అంటే కింది అంతస్తు, వెనక వరసల్లో కూర్చుంటే నెత్తిన డ్రెస్ సర్కిల్ (మొదటి బాల్కనీ) అంచు కప్పులా అడ్డొచ్చి సెట్టు పైభాగం కోసేస్తుంది. నటులు పూర్తిగా కనిపిస్తారు, డ్రమ్మర్ మాత్రం మోకాళ్ల దాకానే. అన్నిటికన్నా చేదు ఏంటంటే, ఇలాంటి సీటుకి చాలాచోట్ల 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' (స్టేజి పూర్తిగా కనపడదు) అన్న ముద్ర ఉండదు. రెండంతస్తుల సెట్టున్న షో అయితే స్టాల్స్ చివరి వరసల కన్నా డ్రెస్ సర్కిల్ మొదటి వరసలే మేలు. బాగా ముందు, పక్క సీట్లు తీసుకుంటే స్పీకర్ల దొంతర మీ చెవి పక్కనే ఉండొచ్చు, ఇయర్ ప్లగ్స్ పట్టుకెళ్లండి. ఇంకా పైనుండే బాల్కనీ అయిన అప్పర్ సర్కిల్‌లో కాళ్లకి చోటు తక్కువ, పొడుగువాళ్లు నడవ పక్క సీటు తీసుకోవడం మంచిది.

ఎవరు పాడతారన్నది కూడా కొనే రోజే చూడాలి. వారానికి ఎనిమిది షోలు రాక్ గొంతుతో పాడటం మాటలు కాదు. అందుకే ఇలాంటి ప్రధాన పాత్రలకి కొన్ని షోలు ఆల్టర్నేట్‌కి, అంటే వాళ్లకి బదులు ఆ పాత్ర వేసే నటికో నటుడికో ముందే కేటాయిస్తారు, ముఖ్యంగా మ్యాటినీలు. ఆ వేళాపట్టిక అధికారిక సైటులో మూల ఎక్కడో ఉంటుంది, పోస్టర్ మీద ఉండదు. బ్రాడ్‌వేలో షో పేరుకి పైన ఎవరి పేరుందో వాళ్లు రాకపోతే డబ్బు వాపసో తేదీ మార్పో ఇవ్వడం ఆనవాయితీ. పేరు కింద ఉన్నవాళ్లు రాకపోతే లేదు. అదీ టికెట్ ఎక్కడ కొన్నారో అక్కడే అడగాలి, రిసేల్‌లో కొన్నవాళ్లని థియేటర్ పట్టించుకోదు.

ఇప్పటికే దెబ్బ తిన్నవాళ్లకి: టికెట్ పేజీ, ఆర్డర్ మెయిల్, బార్‌కోడ్ మూడూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లిస్టింగ్ రేపటికి మాయమవుతుంది. షో రోజు తలుపులు తీయకముందే థియేటర్ బాక్స్ ఆఫీస్‌కి వెళ్లి బార్‌కోడ్ చెల్లుతుందో లేదో అడగండి. ఒకే బార్‌కోడ్ ఇద్దరికి అమ్మితే మొదట స్కాన్ అయినవాళ్లు లోపలికి, రెండోవాళ్లు బయట. చెల్లదని చెబితే ఆ మాట కాగితం మీదో మెయిల్లోనో రాయించుకోండి, బ్యాంకుకి ఛార్జ్‌బ్యాక్ (కార్డులోంచి పోయిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అభ్యర్థన) పెట్టేటప్పుడు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో కొని ఉంటే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీనే నేరుగా అడగొచ్చు. కానీ ఒక్కో టికెట్ ధర 100 పౌండ్లు దాటాలి. 70 పౌండ్ల టికెట్లు రెండు కలిపి 140 అయ్యాయి కదా అంటే కుదరదు, అప్పుడు ఛార్జ్‌బ్యాకే దారి.