ఎల్లా పాడిన ఎల్లింగ్టన్ పాటలు: పద్దెనిమిదేళ్లు విన్నాక

మూడు సీడీల ఈ సెట్టును 2007లో కొన్నాను. ఆఫీసు పని మీద ఆర్నెల్లు న్యూజెర్సీలో ఉన్నప్పుడు, పాత సీడీలు అమ్మే షాపులో పన్నెండు డాలర్లకు దొరికింది. ‘ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ సింగ్స్ ద డ్యూక్ ఎల్లింగ్టన్ సాంగ్ బుక్’ అని పేరు. జాజ్ గురించి అప్పటికి నాకు తెలిసింది సున్నా. మూడు సీడీలు పన్నెండు డాలర్లేనా అని కొనేశాను, అంతే. ఇప్పుడు దాని పెట్టె మూత ఊడిపోతే రబ్బరు బ్యాండు వేసి ఉంచాను. లోపలి పుస్తకం మీద మావాడు మూడేళ్ల వయసులో స్కెచ్ పెన్నుతో గీసిన రైలుబండి ఉంది. ఒక సీడీ నిండా గీతలు. ఎంత వాడానో వీటిని బట్టి మీరే లెక్కేసుకోండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ (1917–1996) అమెరికా జాజ్ గాయని. డ్యూక్ ఎల్లింగ్టన్ (1899–1974) బ్యాండు మాస్టరు. పియానో వాయిస్తూ, బాణీలు కడుతూ యాభై ఏళ్ల పాటు బ్యాండు నడిపినవాడు. నార్మన్ గ్రాంజ్ అనే నిర్మాత 1956 నుంచి తన వెర్వ్ కంపెనీ కోసం ఎల్లా చేత ఇలాంటి సాంగ్ బుక్‌లు, అంటే ఒక్కో సెట్టులో ఒక్కరి పాటలే, వరసగా పాడించాడు. కోల్ పోర్టర్, ఇర్వింగ్ బెర్లిన్, గెర్ష్విన్ అన్నదమ్ములు, ఇలా మొత్తం ఎనిమిది. ఎవరి పాటలు పాడుతోందో ఆ మనిషే బ్యాండుతో సహా వచ్చి కూర్చుని వాయించింది ఈ ఒక్కదానికే. 1959లో మొట్టమొదటిసారి గ్రామీలు ఇచ్చినప్పుడు ఎల్లాకు రెండు వచ్చాయి. అందులో ఒకటి దీనికి.

ఇంత పేరున్న ఆల్బమ్ మొదటి రెండేళ్లు నాకు నచ్చలేదు. నాకు పాటంటే ముందు మాటలు. చరణంలో కవి ఏమన్నాడో పట్టుకుంటే గానీ పాట విన్నట్టుండదు. ఇందులో చూస్తే మాటలు చాలా పల్చన. నువ్వు లేవు, బెంగగా ఉంది, ఈమధ్య ఎక్కడికీ వెళ్లడం లేదు, చాలావరకు ఇదే వరస. కోల్ పోర్టర్ సెట్టు ఒక స్నేహితురాలి దగ్గర విన్నాను. అందులో ప్రతి లైనుకీ ఒక చమత్కారం. అది కొనాల్సింది కదా అనుకున్నాను. ఇది ఉప్మా చేసుకునేటప్పుడు వంటింట్లో మోగే చప్పుడుగా మిగిలింది.

2009 వేసవిలో నాన్న మా దగ్గరికి హైదరాబాద్ వచ్చారు. ఆయన తెనాలిలో ముప్ఫై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించారు. ఆ రోజు హాల్లో కూర్చుని తాటిముంజలు ఒలుస్తున్నారు. నేను మామూలుగా సీడీ పెట్టి నా పనిలో ఉన్నాను. ‘సోఫిస్టికేటెడ్ లేడీ’ వస్తోంది.

“ఇది మళ్లీ మొదట్నించీ వెయ్యమ్మా” అన్నారు.

వేశాను. చేతిలో ముంజ అలాగే పట్టుకుని విన్నారు.

“ఇది గొంతు కోసం కట్టిన పాట కాదు. ఏదో వాయిద్యానికి కట్టారు. మాటలు తర్వాత తగిలించారు.”

“మీకెలా తెలుసు నాన్నా?”

“పాడేవాళ్లకి కట్టేటప్పుడు ఊపిరి చూసుకుని కడతారు. ఇక్కడ చూడు, ఆ ఎగరడం, ఆ జారడం. మెట్లు దిగే మనిషి నడక కాదిది, డాబా మీంచి దూకుడు. క్లారినెట్‌కైతే మీట తీస్తే చాలు, గంతు పడిపోతుంది. పాపం ఈవిడ గొంతుతో దూకుతోంది. కానీ ఎక్కడా కాలు బెణకలేదు చూశావా?”

ఇంగ్లిషు పాట గురించి నాన్న చెప్పడమేంటని నాకు కాస్త నవ్వొచ్చింది కూడా. తర్వాత వెతికి చూస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం. ఎల్లింగ్టన్ ఆ బాణీని 1933లో మాటలు లేకుండానే రికార్డు చేశాడు. మిచెల్ పారిష్ రాసిన మాటలు తర్వాత వచ్చాయి. ‘డోంట్ గెట్ ఎరౌండ్ మచ్ ఎనీమోర్’ కూడా అంతే. 1940లో ‘నెవర్ నో లామెంట్’ అన్న పేరుతో అది ఒట్టి వాయిద్య సంగీతం. బాబ్ రసెల్ మాటలు చేర్చాక పాటైంది. ‘డు నథింగ్ టిల్ యు హియర్ ఫ్రమ్ మి’ అయితే కూటీ విలియమ్స్ అనే ట్రంపెట్ ఆయన కోసం ప్రత్యేకంగా కట్టిన బాణీ. దానికీ రసెలే మాటలు అతికించాడు. బాకా కోసం కొలత తీసి కుట్టిన చొక్కాను మనిషికి తొడిగినట్టు.

ఇది తెలిశాక నా వినికిడి మారింది. మాటల్ని వదిలేసి, ఈవిడ ఆ దూకుళ్లు ఎలా దూకుతోందా అని వినడం మొదలుపెట్టాను. అప్పుడు దొరికింది నాకు ఈ ఆల్బమ్.

మాటలు ఎంత తక్కువుంటే ఎల్లా అంత బాగుంటుంది, నా లెక్క ఇదీ. ‘రాకిన్ ఇన్ రిథమ్’లో మాటల్లేవు. బ్యాండు మొత్తం ఊగుతుంటే ఆవిడ మరో ట్రంపెట్‌లా మధ్యలో దూరుతుంది. ‘చెల్సీ బ్రిడ్జ్’ నెమ్మదైనది, అందులోనూ మాటల్లేవు. నా సెట్టులో చివర్న దీని రిహార్సల్ కూడా పెట్టారు. బ్యాండు ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం, మధ్యలో మాటలు. నాకు తయారైన పాట కన్నా అదే ఎక్కువ ఇష్టం. బ్యాండు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టేమో.

ఈ మాటల్లేని పాడటాన్ని స్కాట్ అంటారు. మనవాళ్లు దీన్ని స్వరకల్పనతో పోలుస్తారు, నేనూ అలాగే అనేదాన్ని. నాన్న ఒప్పుకోలేదు. “స్వరానికి పేరుంటుంది కదా, పేరు పలుకుతూ పాడతారు. ఈవిడ చేసేది వేరు. ట్రంపెట్‌వాళ్లు నాలికతో తు-తు అని కొడతారే, అది నోటితో చేస్తోంది. బ్యాండు వెనకాల చాలాకాలం నిలబడుంటుంది” అన్నారు. నిజంగానే నిలబడింది. 1934లో న్యూయార్క్‌లో హార్లెమ్ అనే పేటలోని అపోలో థియేటర్ పోటీలో గెలిచాక, చిక్ వెబ్ అనే డ్రమ్మర్ బ్యాండులో చేరింది. 1939లో ఆయన పోతే ఆ బ్యాండు కొన్నేళ్లు ఈమె పేరు మీదే నడిచింది. అంటే ఇక్కడ పాడుతున్నావిడ కూడా ఒకప్పుడు పేరుకి బ్యాండు మాస్టరే.

కానీ ఈ ఇద్దరి పనితీరు ఒకటి కాదు, ఆ తేడా ఆల్బమ్‌లో వినిపిస్తుంది. ఎల్లింగ్టన్ ఫస్ట్ సాక్సఫోన్, సెకండ్ సాక్సఫోన్ అని రాసే రకం కాదు. జానీ హాడ్జెస్‌కి ఇది, హ్యారీ కార్నీకి అది అని మనుషుల్ని చూసి రాసేవాడు. కార్నీ 1927లో చేరి ఎల్లింగ్టన్ పోయేదాకా ఆ బ్యాండులోనే ఉన్నాడు. అలాంటి ఇంటికి 1957 జూన్ చివర్లో న్యూయార్క్ స్టూడియోలో నాలుగు రోజులకి చుట్టంగా వచ్చింది ఎల్లా. ఆమెకేమో అన్నీ ముందే సిద్ధంగా ఉండాలి. ఎల్లింగ్టన్ సరైన ఏర్పాటు లేకుండానే వచ్చాడని, ఆమె బాగా ఇబ్బంది పడిందని గ్రాంజ్ తర్వాత చెప్పుకున్నాడు. పెళ్లి బ్యాండుల్లో ఇది రోజూ ఉండే గొడవే. మాస్టరు ముహూర్తానికి పది నిమిషాల ముందు పాట మారుస్తాడు, వాయించేవాళ్లకి టెన్షన్. అక్కడ గట్టెక్కించినవాడు ఎల్లింగ్టన్‌కి కుడిభుజంలాంటి బిల్లీ స్ట్రేహార్న్. ఈ సెట్టు మీద పేరు ఎల్లింగ్టన్‌దే అయినా స్ట్రేహార్న్ చెయ్యి అంతటా ఉంది. ‘టేక్ ద ఏ ట్రైన్’, ‘చెల్సీ బ్రిడ్జ్’, ‘లష్ లైఫ్’ అతనివే.

అందుకే బ్యాండు పాటలు కొన్ని అప్పటికే నిండిన బస్సులో ఎల్లా చివర్న ఎక్కి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డట్టు ఉంటాయి. ‘క్యారవాన్’ నాకు అలాగే అనిపిస్తుంది. బ్యాండు తన దారిన తాను పోతుంటే ఆవిడ మర్యాదగా పక్కన నడుస్తుంది.

కొత్తగా వినేవాళ్లకి నా సలహా, బ్యాండుతో మొదలుపెట్టకండి. 1956 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్‌లో చిన్న బృందంతో చేసిన పాటలున్నాయి. పాల్ స్మిత్ పియానో, బార్నీ కెసెల్ గిటార్, జో మాండ్రాగన్ బేస్, ఆల్విన్ స్టాలర్ డ్రమ్స్, స్టఫ్ స్మిత్ వయొలిన్, బెన్ వెబ్‌స్టర్ టెనర్ సాక్సఫోన్. వెబ్‌స్టర్ ఒకప్పుడు ఎల్లింగ్టన్ మనిషే. 1940 నాటి ‘కాటన్ టైల్’కి పేరు తెచ్చింది అతని వాయింపే. ఇక్కడ అదే పాటని ఎల్లా నోటితో పరుగెత్తిస్తుంటే పక్కనే అతనున్నాడు. నెమ్మది పాటల్లో అతని సాక్సఫోన్ చివర స్వరం ఆగిపోయాక కూడా ఒట్టి గాలి కాసేపు వినిపిస్తుంది. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే మీ చెవిలో ఎవరో ఊపిరి వదిలినట్టే. స్టఫ్ స్మిత్ వయొలిన్ మాత్రం అందరికీ పడదు. గరుగ్గా, కాస్త కోపంగా ఉంటుంది. మా ఆయనకి తలనొప్పి. నాకు రానురాను అలవాటైంది, ఇప్పుడు అది లేకపోతే చప్పగా ఉంటుంది. ‘ఇన్ ఎ సెంటిమెంటల్ మూడ్’లో కెసెల్ గిటార్, ఎల్లా గొంతు, ఇంకేమీ ఉండవు. రాత్రి పదిన్నర తర్వాత వినదగ్గది.

నచ్చనివి కూడా చెప్పాలి. ఎల్లాకి దుఃఖం రాదు. గొంతు అంత శుభ్రంగా ఉంటే ఏడుపు ఎక్కడ నిలబడుతుంది? ‘సాలిట్యూడ్’ ఆమె పాడితే ఒంటరితనం కాస్తా ఆదివారం సెలవులా ఉంటుంది. ఆ పాటకి మరో జాజ్ గాయని బిల్లీ హాలిడే దగ్గరికే వెళ్లాలి. ‘లష్ లైఫ్’ ఆస్కార్ పీటర్సన్ పియానోతో పాడింది. చాలా కష్టమైన బాణీ, ఒక్క స్వరం కూడా పక్కకి పోలేదు. కానీ అది జీవితంలో ఓడిపోయినవాడి పాట. ఓడినట్టు ఆమెకి తెలియదు.

ఇక ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్’ అని నాలుగు భాగాల రచన ఒకటుంది. ఎల్లింగ్టన్, స్ట్రేహార్న్ మధ్యమధ్యలో మాట్లాడుతూ ఆమెని పొగుడుతారు. సంగీతం మంచిదే. కానీ సన్మాన సభలో శాలువా కప్పే ముందు ఉపన్యాసం ఎన్నిసార్లు వింటాం? నేను నాలుగైదుసార్లు విన్నాను, ఆ తర్వాత ఎప్పుడూ దాటేశాను.

వాడకం సంగతులు కొన్ని. రికార్డింగు మోనో. రెండు చెవుల్లోనూ ఒకటే వస్తుంది, సెట్టు పాడైందని కంగారు పడకండి. వంటింటి బ్లూటూత్ స్పీకర్లో బేస్ మాయమై, బ్యాండు పాటలు రేకు డబ్బా మోతలా వస్తాయి. చిన్న బృందం పాటలు మాత్రం ఎందులోనైనా బతికేస్తాయి. అన్నీ కలిపి మూడు గంటల పైచిలుకు ఉంటుంది, ఒక్క బిగిన వినడం అనవసరం. మూడు నాలుగేళ్లుగా నేను ఎక్కువగా ఫోన్‌లో యాప్‌లోనే వింటున్నాను. అక్కడ ఇదే ఆల్బమ్ రకరకాల పేర్లతో, పాటల వరస మారిపోయి ఉంటుంది. షఫుల్‌లో పెడితే పాట మధ్యలోంచి ఆ సన్మాన ఉపన్యాసం ఊడిపడుతుంది. ఎవరు ఏం వాయించారో ఒక్క ముక్క ఉండదు. ఈ ఆల్బమ్‌లో సగం రుచి ఎవరు వాయిస్తున్నారన్నదే కాబట్టి, రైలుబండి బొమ్మ ఉన్న ఆ పుస్తకం ఇంకా దాచుకున్నాను.

‘టేక్ ద ఏ ట్రైన్’ విని, న్యూయార్క్‌లో ఆ ఏ ట్రైన్ ఎక్కాను కూడా. 59వ వీధి దాటాక నేరుగా హార్లెమ్‌లో 125వ వీధిలోనే ఆగుతుంది. చెవుల్లో పాట, కిటికీ అవతల చీకటి గోడలు. చూడ్డానికి ఏమీ లేదు గానీ, బాగుంది.

నాన్నకి ఈ మధ్యే ఇంకో సంగతి చెప్పాను. 1963లో ఎల్లింగ్టన్ బ్యాండు అమెరికా ప్రభుత్వం తరఫున మన దేశం వచ్చింది. ఢిల్లీ, హైదరాబాద్, మద్రాసు, ఇంకొన్ని ఊళ్లు. అప్పటికి నాన్నకి పద్దెనిమిదేళ్లు, తెనాలిలో క్లారినెట్ నేర్చుకుంటున్నారు. “మద్రాసు దాకా వచ్చారా! రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి మద్రాసే కదా” అని ఆ రోజంతా అదే మాట. సరేనని, ఆ ప్రయాణం తర్వాత వాళ్లు చేసిన సంగీతంలోంచి ఒకటి వినిపించాను. ఢిల్లీలో విన్న గోరింక కూతని పట్టుకుని స్ట్రేహార్న్ రాసినది. జిమ్మీ హామిల్టన్ క్లారినెట్ మీద ఆ కూత మళ్లీ మళ్లీ వస్తుంది. రెండోసారి వినేసరికి నాన్న లేచి అటక మీంచి తన పెట్టె దింపించారు. మీటల కింద మెత్తలు ఎప్పుడో పోయాయి, రీడు ఎండి చీలింది. అయినా ఊదారు.

వంటింట్లోంచి అమ్మ, “గోరింకా అది? కాకి దూరిందేమో అనుకున్నా” అంది.